నాలుగువందల పదమూడో పేజీ

పాలమూరుల ఏప్రిల్ అంటే
లైబ్రరీల ఫ్యాన్ కింది కుర్చీ కోసం పంచాయితీ.
ఓడినోళ్ళం కిటికీ పక్కకు జరిగి
వడగాలికి వీపు అప్పజెప్పి
అప్పీళ్ళు చదువుతం.

కంప్యూటర్లు ఆరు. నడిచేటివి రెండు.
పాస్‌వర్డు షాహెదా మేడమ్ నోట్లనే ఉంటది,
నాటుమందు పేరు చెప్పినట్టు చెవుల చెప్తది.
దేశంల తీర్పులన్నీ అండ్ల దొరుకుతయి,
కరెంటు ఉన్నంతసేపు.
పోయినంక మిగిలేవి ఎర్ర అట్టలే;
బంగారు అంకెలు సగం రాలినయి,
ఏ సంవత్సరమో వేలితోని తడిమి చూసుకోవాలె.

మొదటేడు ఆ లాటిన్ మాటలకు నిద్ర పట్టలే నాకు.
మెల్లగ తెలిసొచ్చింది,
నేను పుట్టకముందే కోర్టు మా ఇంట్ల కాపురమున్నదని.
దావా, వాయిదా, జమానతు, జప్తు...
కోస్గి సంతల ఎద్దు బేరానికి కూడ
గవాయి ఎవరని అడిగేది మా అవ్వ,
వేలిముద్ర తప్ప వేరే అక్షరం రాని మనిషి.

మూట్ కోర్టుల నాకొచ్చింది కౌలుదారు వైపు.
సవారమ్మకు భూస్వామి వైపు,
తాతల నాటి నుంచి గుంట భూమి లేనిదానికి.
హాస్టల్ల మా ఇద్దరిది ఒకటే బకెట్.

పాత సంపుటం తెరిస్తే
నాలుగువందల పన్నెండు తర్వాత
అచ్చు లేదు, నీలి సిరా.
ఎనిమిది పేజీల చేతిరాత.
ఇంగ్లీషు అక్షరాలే, కాని ఉర్దూ దిక్కు ఒరిగినయి.
"ఎవరో బ్లేడుతోని కోసిన్రు," అన్నది మేడమ్,
"హైదరాబాదు పోయి రాసుకొచ్చిన. రోజాలల్ల. రెండు దినాలు.
కోసినోడు మార్జిన్ చెడగొట్టలే.
చదువుకునేటోడే."

శనివారం గడియారం చౌరస్తా కాడ
గుండేరావు వకీలు సారు ఫైళ్ళు దులుపుతుంటే
ఒక పాత కౌలు కేసుల నుంచి జారిపడ్డయి
నాలుగు ఆకులు, మీద పదమూడో పేజీ.
మూలకు మా కాలేజీ ఊదా ముద్ర.
సారు చూసిండు. తర్వాత కిటికీ దిక్కు చూసిండు.
"అప్పుడు జిరాక్సుకు పైసల్లేవు బిడ్డా."
చాయ్ సగమైనంక గ్లాసు పక్కకు జరిపి
"అవతలోడు చూడొద్దని," అన్నడు.

బీరువా మీద ఆనాటి పోటీ కప్పు,
ఒక చెవి ఊడిపోయింది దానికి.
ఆ ఆకులతోనే తర్వాత
మక్తల్ దిక్కు పదకొండిండ్లోళ్ళ చెల్క నిలబెట్టిండు సారు,
ఫీజు ఒక బస్తా పల్లికాయ.
దీన్ని ఎట్ల లెక్కగట్టాలె, ఏ సెక్షన్ కింద?

సోమవారం పొద్దుగాల మేడమ్ ముందల పెట్టిన.
పేరు అడగలే. జుర్మానా రిజిస్టరు తీసింది,
దినానికి పావలా, ముప్పై ఒక్క ఏండ్లు...
గుణించుకుంట పోయి నడుమ పెన్ను ఆపింది.
అచ్చు పక్కన చేతిరాత పెట్టి
వరుస మీద వరుస వేలు నడిపింది.
ఏడో పేజీల ఆగింది వేలు.
"ఇఫ్తార్ వేళ అయినట్టుంది," అన్నది తనతోని తనే,
"ఈ వాక్యం ఇడిచిపెట్టిన."

"అయితే" అని మొదలయ్యే వాక్యం.
ఒక చేత్తోని ఇచ్చింది ఇంకో చేత్తోని గుంజుకునేది.
ముప్పై ఒక్క బ్యాచులు అది లేకుండనే వాదించినయి,
గెలిచినయి, నల్లకోట్లు కుట్టించుకున్నయి.
అది నా వైపు వాక్యం కాదు.

"రేపు అతికిస్త," అన్నది మేడమ్,
"ఇయ్యాల నువ్వు చదువుకో."

రేపే పోటీ.
కరెంటు పోయింది. ఫ్యాన్ ఉత్తగనే మూడు సుట్లు తిరిగి నిలబడ్డది.
దాని కింద సవారమ్మ,
నీలి సిరా పేజీలన్నీ నోటుబుక్కుల ఎక్కించుకొని
పెన్ను కొరుక్కుంట,
ఎన్నడూ దొరకని కుర్చీ దొరికిన సంబురంల ఉన్నది.
ఆకులు నా ఒళ్ళె ఉన్నయి.
కోసిన అంచు ఇంకా పదునే.

"జరుగవే," అన్న,
"కొంచెం జాగియ్యి."